పిన్ని పెట్టిన మెమరీ

పోయిన నెలలో నా ల్యాప్‌టాప్ నెమ్మదించింది. పాడైపోయిందని అనలేను, ఎందుకంటే ఏం అడిగినా చివరికి చేస్తుంది. కానీ ఒక ఉత్తరం తెరవమంటే నేను వంటింట్లోకి వెళ్ళి పొంగుతున్న పాలు దించి వచ్చేదాకా తెర మీద ఆ చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. విజయవాడలో మా ఇంటికి రెండు వీధుల అవతలున్న రిపేరు షాపుకి పట్టుకెళితే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్న ఆ షాపాయన కాసేపు చూసి, "ర్యామ్, అదే మెమరీ, చాలట్లేదండి. వేయించుకుంటే ఇంకో రెండేళ్ళు లాగుద్ది, లేదంటే కొత్తది తీసుకోండి" అన్నాడు. నేను వెంటనే ఊ అనకుండా, ముందు దీంట్లో అక్కర్లేకుండా ఏమేం నడుస్తున్నాయో చూపించమన్నాను. ఆయన నా నెరిసిన జుట్టు వంక ఒకసారి చూసి, ఇవన్నీ మీకెలా తెలుసమ్మా అని అడిగాడు. ఏం చెప్పను? నాకు తెలిసిందల్లా ఒకే ఒక్క కంప్యూటరు సంగతి, అదీ జగ్గయ్యపేటలో మా పిన్ని పక్కన కూర్చుని తెలుసుకున్నది. ఆ షాపులో కూర్చున్న గంటసేపూ నా మనసు అక్కడే తిరిగింది.

ఎనభైల చివరి మాట. మాది నందిగామ. డిగ్రీ అయి, టైపు హయ్యరు పాసై, ఆ రోజుల్లో అందరికీ కొత్తగా పట్టుకున్న మోజు కొద్దీ విజయవాడలో ఆరు నెలల కంప్యూటరు కోర్సు కూడా చేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్నాను. మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, జగ్గయ్యపేటలో ఒక డాక్టరమ్మగారి నర్సింగ్ హోములో పెద్ద నర్సు. పెద్ద నర్సంటే పెద్ద చదువేమీ కాదు, ఏడో తరగతి దాకా తెలుగు చదువు, అంతే. పద్దెనిమిదేళ్ళ వయసులో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరి, చూసి చూసి నేర్చుకుని, చివరికి ఏ పసిబిడ్డకి నరం దొరక్కపోయినా డాక్టర్లే పిన్నిని పిలిచేటంత పనిమంతురాలైంది. ఊరందరికీ ఆవిడ సిస్టరమ్మ. ఆ నర్సింగ్ హోముకి ఒక పాత కంప్యూటరు వస్తోందని, దాని ముందు కూర్చునే మనిషి కావాలని డాక్టరమ్మగారు అంటే, మా అక్క కూతురుందని పిన్ని చెప్పింది. అలా దొరికింది నా మొదటి ఉద్యోగం.

పొద్దున ఏడింటి బస్సుకి నందిగామలో ఎక్కేదాన్ని. హైదరాబాదు రోడ్డు మీద సిమెంటు లారీల వెనకాల ఆ దుమ్ములో ఊగుతూ వెళ్ళి, చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగేసరికి చీర రంగు సగం మారిపోయేది. మిరపకాయల కాలంలో అయితే బస్సు టాపు మీద బస్తాల ఘాటుకి లోపలున్న వాళ్ళందరం తుమ్ముకుంటూ వెళ్ళేవాళ్ళం. అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఏ బజారులోనైనా ఎండుమిరపకాయలు దంచే వాసన తగిలితే కాళ్ళు అక్కడే ఆగిపోతాయి.

ఆ కంప్యూటరు చేయాల్సిన పని గురించి చెప్పాలి. మా వైపు అప్పట్లో రక్తనిధులు లేవు. పురుళ్ళలో రక్తం పోయినా, రాళ్ళ క్వారీలో మనిషి కింద పడినా, హైవే మీద లారీలు గుద్దుకున్నా, రక్తం కావాలంటే విజయవాడ వెళ్ళి తెచ్చేసరికి పూట గడిచిపోయేది. అందుకని చుట్టుపక్కల ఊళ్ళల్లో రక్తమివ్వడానికి ఒప్పుకున్న వాళ్ళ పేర్లు పిన్ని రాసి పెట్టుకునేది. అవసరం పడితే మా బాబాయి మోటారు సైకిలు మీద వెళ్ళి మనిషిని వెనకాల కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. పిన్ని వాళ్ళ పేర్లను సెలైన్ సీసాలొచ్చిన అట్టపెట్టెలో, పోస్టుకార్డంత అట్టముక్కల మీద రాసుకునేది. ఒక్కో కార్డు ఒక్కో మనిషి. పేరు, ఊరు, గ్రూపు, కిందటిసారి ఎప్పుడిచ్చాడు, ఇవి కాక పిన్ని సొంత కవిత్వం కొంత. "పొద్దున పదింటిదాకా చేలో, తరవాత సొసైటీ అరుగు మీద. సూదంటే భయం, మాటల్లో పెట్టాలి" అని ఒక కార్డు మీద ఉండేది. "వాళ్ళావిడతో చెప్పొద్దు, ఇతనితోనే చెప్పాలి" అని ఇంకో దాని మీద.

కంప్యూటరు హైదరాబాదులో డాక్టరమ్మగారి తమ్ముడి ఆఫీసులోది. వాళ్ళు కొత్తవి కొనుక్కుని పాతవి తీసేస్తుంటే ఆయన ఒకటి అక్కగారికి పంపించాడు. మా దగ్గరికి వచ్చేనాటికే అది పాతది. మందుల స్టాకు పెట్టే గదిని దానికి కేటాయించి, గుమ్మంలో చెప్పులు విప్పాలని నియమం పెట్టారు. డాక్టరమ్మగారు కూడా విప్పేవారు. ఆరు నెలలపాటు పిన్ని కార్డులన్నీ నేను అందులోకి ఎక్కించాను. రోగుల పేర్లు రాసుకోవడానికి కాక, ఏ గ్రూపు అడిగితే ఆ గ్రూపు వాళ్ళ పేర్లు ఊళ్ళవారీగా వరసపెట్టి చూపించాలని మా కోరిక. అది చూపించేది.

కానీ ఇంగ్లీషులో చూపించేది. పిన్ని తెర ముందు నిలబడి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ చూసి వెళ్ళిపోయేది. నాకు మనసుకి కష్టమనిపించి, కోర్సులో నాకు పాఠం చెప్పిన మాస్టారికి ఉత్తరం రాశాను. ఆయనకి తెలిసిన ఎవరో ఇంజనీరింగ్ విద్యార్థి సరదాకి తయారుచేసిన తెలుగు అక్షరాల ప్రోగ్రాము ఒకటి ఫ్లాపీలో దొరికింది. కంప్యూటరు వేయగానే అది ముందుగా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది, ఆ తరవాత మనం తెలుగులో కొట్టొచ్చు. ఒత్తులు కొన్ని పక్కకి జారేవి, గుడిదీర్ఘం ఎక్కడో ఆకాశంలో ఉండేది, అయినా అది తెలుగు. పేర్లన్నీ ఇంగ్లీషు పక్కన తెలుగులో మళ్ళీ మొదటినించీ కొట్టుకొచ్చాను, కొత్తగా చేరినవి రెండింటిలోనూ ఎక్కించాను. అవి చూసిన రోజున పిన్ని స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, తెర మీద వేలు పెట్టి ఒక్కో పేరూ పైకి చదివింది. మధ్యలో ఒకచోట, "ఈయన ఇంటిపేరు తప్పు కొట్టావు" అని దిద్దింది. ఆ తరవాత గ్రూపు నొక్కి లిస్టు తీయడం తనే నేర్చుకుంది. కార్డుల పెట్టె అటక మీదికి ఎక్కించింది నేనే. ఇంక దీంతో పని లేదు పిన్నీ అన్నాను. అన్నానన్న సంగతి ఇప్పటికీ గుర్తుంది.

పేర్లు పెరిగాయి. నాలుగు వందలు ఉన్నప్పుడు నిమిషంలో వచ్చే లిస్టు, ఎనిమిది వందలకి మూడు నిమిషాలైంది. పన్నెండు వందలు దాటాక ఎంతసేపు పడుతోందో చూడటం నేను మానేశాను. ఎవరైనా అడగబోతున్నారని తెలియగానే ముందుగా నొక్కి ఉంచేదాన్ని, వచ్చాక అప్పుడే వచ్చినట్టు చెప్పేదాన్ని. నా కంప్యూటరు నెమ్మదని ఎవరికీ తెలియకూడదని నా తాపత్రయం.

ఒక మిరప కోతల రోజుల్లో, పొద్దున పదకొండు గంటల వేళ, చిల్లకల్లు అవతలి ఊరి నించి ఒక బాలింతని జీపులో తెచ్చారు. ఇంట్లోనే మంత్రసాని చేతుల మీద ఆడపిల్ల పుట్టింది, బిడ్డ బాగానే ఉంది, తల్లికి రక్తం ఆగడం లేదు. ఇరవై ఏళ్ళు కూడా ఉంటాయో లేదో. జీపు సీటు నించి మెట్ల దాకా మరకలు పడ్డాయి. వెంట వచ్చిన వాళ్ళెవరి గ్రూపూ కలవలేదు. పిన్ని గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విప్పే ధ్యాస కూడా లేకుండా, "బీ నెగిటివ్, అమ్మాయ్" అంది. నొక్కాను.

కంప్యూటరు ముందు భాగంలో ఎర్రదీపం ఒకటి వెలిగింది. లోపల గరగరమని చప్పుడు. ఆ దీపం ఆరుతూ వెలుగుతూ, ఆరుతూ వెలుగుతూ, తెర మీద మాత్రం ఏమీ లేదు. పిన్ని నా వెనక నిలబడింది. రెండు నిమిషాలు చూసి, "ఇంకా ఎంతసేపే?" అంది. వచ్చేస్తుంది అన్నాను. ఇంకో నిమిషం ఆగి, బయటికి వెళ్ళి, ఊళ్ళోనే ఉన్న వాళ్ళలో తనకి గుర్తున్న ఇద్దరి పేర్లు బాబాయికి చెప్పి పంపింది. వాళ్ళలో ఒకాయన మిర్చి బస్తాలేసుకుని గుంటూరు వెళ్ళాడు. రెండో ఆయన జ్వరంతో మంచం మీద ఉన్నాడు. బాబాయి ఆ రెండిళ్ళూ తిరిగి ఉత్త చేతులతో వచ్చేసరికి నా లిస్టు వచ్చింది. అందులో నాలుగు పేర్లు. మూడో పేరు మా నర్సింగ్ హోముకి పది నిమిషాల నడకలో ఉన్న పత్తి మిల్లులో కాటా గుమస్తాది. కార్డులు మానేశాక కొత్తగా చేరిన మనిషి కాబట్టి పిన్నికి తెలియదు. ఆయన విషయం వినగానే చేతిలో చీటీల పుస్తకం కూడా కింద పెట్టకుండా బాబాయి బండెక్కి వచ్చాడు.

ఆ పిల్ల బతికింది. కానీ డాక్టరమ్మగారు గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. సాయంత్రం నేను స్టాకు గదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంటే ఆవిడ వచ్చి, "నీ లిస్టు ముందే వచ్చినా నేను తీసేదాన్నే. అనవసరంగా మనసులో పెట్టుకోకు" అన్నారు. గోడ గడియారం చూసి లెక్కేసుకున్నాను, పన్నెండు నిమిషాలు పట్టింది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. అయినా ఆ మాట నేను పూర్తిగా ఎప్పుడూ నమ్మలేకపోయాను, ఇప్పటికీ అంతే.

మర్నాడు నేనే అటక మీది పెట్టె దించుతానని నిచ్చెన తెచ్చుకున్నాను. పిన్ని వద్దంది. నాకు ఆశ్చర్యమేసింది, ఎందుకంటే అందరికన్నా ముందు పిన్నే కార్డులు కావాలంటుందని అనుకున్నాను.

"కార్డులు నాకు తెలుసు. నేను మంచాన పడ్డ రోజున ఎవరికి తెలుస్తయ్యి? నా రాత నాకే సరిగా కనపడట్లా. అది బాగుచేసే దారి చూడు."

డాక్టరమ్మగారు విజయవాడ నించి ఒక కంప్యూటరు ఇంజనీరుని పిలిపించారు. ఆయన ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, చిన్న పెట్టె పట్టుకుని వచ్చి, మూత విప్పి, లోపల టార్చిలైటు వేసి చూశాడు. మెమరీ రెండు వందల యాభై ఆరు కేబీలే ఉందని, ఆరు వందల నలభై దాకా పెంచొచ్చని, అయితే అందుకు చిప్పులు కొనాలని చెప్పాడు. ఆయన చెప్పిన ధర నా జీతానికి ఎన్నో రెట్లు. ఇంత పాతదానికి అంత పెట్టడం దండగ, కొత్తది కొనండి అని కూడా ఆయనే అన్నాడు. పెంచితే ఖాయంగా బాగుపడుతుందా అని డాక్టరమ్మగారు అడిగితే, "చెప్పలేనండి, వేసి చూడాలి" అన్నాడు. వెళుతూ వెళుతూ నా వైపు తిరిగి, "ముందు ఆ తెలుగు తీసేసి చూడండి మేడమ్. చోటంతా అదే తింటుంటుంది" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. తప్పు నా తెలుగుది కాకూడదని పట్టుదలగా ఉంది. డాక్టరమ్మగారు వారం గడువిచ్చారు. ఈలోగా జబ్బేమిటో తేల్చమన్నారు. నాకు తెలిసిన వైద్యం ఒకటే, ఒక్కోటీ మార్చి చూడటం. మధ్యాహ్నం రెండింటికి రోగుల రద్దీ తగ్గాక, పిన్ని అన్నం తిని వచ్చి స్టూలు మీద కూర్చునేది. నాడి చూసేటప్పుడు వాడే చేతిగడియారం ఒళ్ళో పెట్టుకుని, "ఊ, నొక్కు" అనేది. నేను నొక్కేదాన్ని. లిస్టు వచ్చేదాకా ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఎన్ని నిమిషాలో పిన్ని చెబితే నేను పుస్తకంలో రాసుకునేదాన్ని.

మొదటిరోజు ఉన్నదున్నట్టు పన్నెండు నిమిషాలు. తీసేసిన పేర్ల ఖాళీలు పోయేటట్టు డిస్కంతా సర్దితే పది. తరవాత కంప్యూటరుతో వచ్చిన లావుపాటి పుస్తకం రెండు రాత్రులు చదివి ఒక సంగతి కనుక్కున్నాను. గ్రూపులవారీగా ముందే ఒక సూచిక తయారుచేసి పెట్టుకుంటే, అడిగిన ప్రతిసారీ అది పన్నెండు వందల పేర్లూ మొదటినించి వెతకనక్కర్లేదు. కోర్సులో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సూచిక పెట్టాక నాలుగు నిమిషాలకి దిగింది. ఆ సంతోషంలో, పన్నెండులో తగ్గిన ఆ ఎనిమిది నిమిషాలూ నా తెలివితక్కువ వల్లే పోయాయని అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కంప్యూటరు వంక చూడలేకపోయాను. పిన్ని గడియారం పక్కన పెట్టి, "తెలీనప్పుడు తెలీలా. ఇప్పుడు తెలిసింది. ఇంకోటి మార్చు" అంది.

ఆ ఎదురుచూపుల్లోనే పిన్ని నాకు తన కథంతా చెప్పింది. పిన్నికి కొన్నేళ్ళపాటు పిల్లల్లేరని తెలుసుగానీ, అంతకు ముందు ఒక మగపిల్లవాడు పుట్టి తొమ్మిది రోజులు బతికాడని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ తొమ్మిది రోజులూ ఒక నర్సు తన పక్కనే ఉండి, పిల్లవాడు పోయాక తనతోపాటు కూర్చుని ఏడ్చిందట. ఆవిడని చూసే పిన్ని ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఇదంతా తెర వంక చూస్తూ, గడియారం ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో కథలా చెప్పేది. మధ్యలో లిస్టు వచ్చేస్తే ఆపేసి, "నాలుగుంపావు, రాసుకో" అనేది. నేను ఇంకోసారి నొక్కితే మళ్ళీ ఎక్కడ ఆపిందో అక్కడ ఎత్తుకునేది. కొన్నిసార్లు అక్కర్లేకపోయినా నొక్కాను.

చివరికి మిగిలింది తెలుగు. తీసి చూశాను. లిస్టు యాభై సెకన్లలో వచ్చింది. మళ్ళీ పెట్టాను, నాలుగు నిమిషాలు. మళ్ళీ తీశాను, యాభై సెకన్లు. ఇంజనీరు చెప్పిందే నిజం. ఉన్న కొద్దిపాటి మెమరీలో తెలుగు అక్షరాలు ముందే పీట వేసుకుని కూర్చుంటే, లిస్టు తీసే ప్రోగ్రాముకి కాళ్ళు చాపుకునే చోటు లేదు. అందుకే చిటికెడు చిటికెడు తెచ్చుకోవడానికి మాటిమాటికీ డిస్కు దగ్గరికి పరిగెత్తుతోంది. ఆ ఎర్రదీపం అన్నిసార్లు వెలిగేది అందుకే.

పిన్ని యాభై సెకన్లు చూసింది, తెర మీది ఇంగ్లీషు చూసింది, లేచి నిలబడింది.

"తీసెయ్ అమ్మాయ్. ఆ జీపు పిల్లని చూశాం కదా."

తీసేశాను. చిప్పుల ఖర్చు తప్పిందని డాక్టరమ్మగారు సంతోషించారు. నెల రోజులు అలాగే గడిచాయి. లిస్టు కావాలంటే పిన్ని నన్ను పిలిచేది, నేను పైకి చదివేదాన్ని. తను మళ్ళీ స్టూలు లాక్కుని కూర్చోలేదు.

ఒక ఆదివారం నేను నందిగామలో ఇంట్లో ఉన్నాను. మా పక్క కిరాణా కొట్టుకి ఫోనొచ్చింది, పరిగెత్తుకుని వెళ్ళాను. అవతల పిన్ని. క్వారీలో ఒకాయన కాలు నలిగింది, తనే గ్రూపు నొక్కి లిస్టు తీసిందట, డాక్టరమ్మగారు ఆపరేషన్ బల్ల దగ్గర ఉన్నారు, మిగిలిన వాళ్ళెవరికీ ఇంగ్లీషు రాదు. "నేను ఆకారం చెప్తా, నువ్వు అక్షరం చెప్పు" అంది. ఫోను స్టాకు గది పక్కనే ఉండేది కాబట్టి తీగ లాగితే తెర కనిపించేది. "మొదట చిన్న నిచ్చెన, ఒకే మెట్టు. తరవాత గుడిసె, మధ్యలో కర్ర. తరవాత నిలువు గీత, పక్కన పొట్ట, కింద కాలు. చివర ఒట్టి గీత." హెచ్, ఏ, ఆర్, ఐ. హరి, అన్నాను. ఊరి పేరు కూడా అలాగే గుడిసెలతో, కొడవళ్ళతో, పాములతో చెప్పింది. కొట్టాయన తూకం వేయడం ఆపి మా వంక చూస్తున్నాడు. మూడో పేరుకి మనిషి దొరికాడు, ఆ క్వారీ ఆయనకి కాలు దక్కింది. ఫోను పెట్టేశాక నాకు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి డాక్టరమ్మగారు వరండాలోనే ఉన్నారు. ఆపరేషన్ చేస్తూ లోపల్నించి ఆ నిచ్చెనలూ గుడిసెలూ అన్నీ విన్నారట.

"మెమరీ తెప్పిద్దాం. సిస్టర్ చదవలేని లిస్టు నాకెందుకు?"

నేను నసుగుతూ, అంత ఖర్చు పెట్టాక అది రేపెప్పుడైనా పాడైపోతే ఎలాగండి అన్నాను. "పాడైపోతే అప్పుడు చూద్దాం. తెలుగుతోపాటు వేగం కూడా రావాలంటే దారి ఇదొక్కటేనని తేల్చింది నువ్వే కదా?" అన్నారు. అవునండి అన్నాను. అంత ధైర్యంగా నేను చెప్పిన మొదటి మాట అదేనేమో.

హైదరాబాదు నించి ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడు. నల్లటి స్పాంజిలో గుచ్చిన ఇరవై ఏడు చిప్పులు. ఒక్కోటీ గోరంత, రెండు పక్కలా సన్నటి కాళ్ళు, నల్లటి జెర్రుల్లా ఉన్నాయి. మా బాబాయి వాటిని చూసి, "చిప్పులంటే కొబ్బరి చిప్పలంత ఉంటాయనుకున్నా, దీనికా ఇంత హడావిడి?" అని నవ్వాడు. ఇంజనీరుని మళ్ళీ పిలవడం దేనికని నేనే పెడతానన్నాను. మధ్యాహ్నం ఫ్యాను ఆపేసి, మూత విప్పి, మొదటి చిప్పు గూట్లో పెట్టి నొక్కాను. సమంగా నొక్కలేదేమో, ఒక కాలు లోపలికి మడత పడింది. తీసి చూస్తే ప్రాణం పోయినంత పనైంది.

"ఇటివ్వు" అంది పిన్ని.

ఇంజక్షన్ల ట్రేలోంచి పట్టకారులాంటి సన్నటి ఫోర్సెప్స్ తీసుకుని, చిప్పుని వెలుతురుకి పట్టి, ఆ వంగిన కాలుని నెమ్మదిగా, విరక్కుండా, మిగతా వాటి వరసలోకి తెచ్చింది. రోజుల బిడ్డల చేతుల్లో నరాలు పట్టుకున్న వేళ్ళవి. "దీనికి తల ఎటుందో చెప్పు, చాలు" అంది. ఒక చివర చిన్న గంటు ఉంటుంది, అది తల, అన్నీ ఒకవైపే ఉండాలి అన్నాను. ఇక నేను తీసి అందివ్వడం, తను రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కడం. ఒక్కోటీ కూర్చునేటప్పుడు టిక్కుమని సన్నటి చప్పుడు వినిపించేది. ఇరవై ఏడూ అయ్యాయి. పుస్తకంలో చెప్పినట్టు ఒక చిన్న స్విచ్చి మార్చి, కంప్యూటరు వేశాను. అది తన మెమరీ తను లెక్కపెట్టుకుంటూ, తెర మీద అంకెలు పెంచుకుంటూ పోయి, ఐదు వందల పన్నెండు దగ్గర ఆగి, కీచుమని అరిచింది.

ఆరు వందల నలభై రాలేదు. పిన్ని ఆపెయ్యమని చెప్పి, చేతులు తుడుచుకుని, చివరి వరసల మీద వేలికొసలతో ఒక్కోటీ తడుముకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగింది. "ఇది కూచోలా" అని మళ్ళీ నొక్కింది. ఈసారి అంకెలు ఆగకుండా ఆరు వందల నలభై దాకా వెళ్ళాయి. తెలుగు పెట్టి, లిస్టు అడిగాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. పిన్ని స్టూలు లాక్కుని కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, మొదటి పేరు నించి చివరి పేరు దాకా పైకి చదివింది.

ఆ తరవాత ఆ కంప్యూటరు మూడేళ్ళ పైనే పనిచేసింది. ఆదివారాలు నాకు ఫోను రాలేదు. నాకు పెళ్ళై విజయవాడ వచ్చేశాను. రక్తం పరీక్షలు లేకుండా ఎక్కించకూడదన్న కట్టుబాట్లు వచ్చాయి, రక్తనిధులు వచ్చాయి, అవి రావాల్సినవే. పేర్ల లిస్టుతో పని తీరిపోయింది. డాక్టరమ్మగారు కాలం చేశారు. పోయినేడు అటు వెళ్ళినప్పుడు చూశాను, నర్సింగ్ హోము ఉన్న చోట సెల్‌ఫోన్ల షోరూము ఉంది, గుమ్మంలో ఎవరూ చెప్పులు విప్పడం లేదు.

పిన్ని చివరి రోజులు కీసరలో, తరవాత పుట్టిన కూతురి దగ్గర గడిచాయి. ఒకసారి నేను కొత్తగా కొన్న ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి చూపించాను. ఒత్తులు జారని తెలుగు, గుండ్రంగా, ముత్యాల్లా. ఏది అడిగితే అది రెప్పపాటులో. పిన్ని చాలాసేపు చదివి, బాగుందంది. తెర నా వైపు తిప్పి, "ఇంత తొందరగా వస్తే ఇంక పక్కన మనిషెందుకే కూర్చోవడం?" అంది. వేళాకోళంగానే అంది. నేనూ నవ్వేశాను. అది మేం చివరిసారి కలిసి కూర్చోవడమని అప్పుడు తెలియదు.

వేగం మంచిది కాదని నేనెప్పుడూ అనను. మెట్ల మీద ఆ మరకలు చూసినదాన్ని, ఎలా అంటాను? ఆలస్యం ఒక ఇరవయ్యేళ్ళ పిల్లకి ఏం చేసిందో, లేదా చేయలేదో, ఆ లెక్క నాకు తేలలేదు, ఇక తేలదు. కానీ మా పిన్ని తన కడుపులో దాచుకున్న మాటలు నాకు చెప్పింది కూడా ఆ ఆలస్యంలోనే. నా ల్యాప్‌టాప్‌కీ ర్యామ్ వేయించాను, ఇప్పుడు మా ఇంట్లో అందరి చేతుల్లోనూ అడిగినది అడిగినట్టు వస్తుంది, ఎవరికీ దేనికోసమూ ఆగాల్సిన పని లేదు, ఒకరి పక్కన ఒకరు ఊరికే కూర్చోవడానికి సాకూ లేదు. మధ్యాహ్నం రెండు గంటలవేళ ఇల్లు సద్దుమణిగినప్పుడు, నా పక్కన ఉన్న ఖాళీ కుర్చీ వైపు అప్పుడప్పుడూ చూస్తాను. ఎవరైనా వచ్చి కూర్చుంటే చెప్పడానికి నా దగ్గరా చాలా ఉంది.